పడవ మీద టేపు బంక వదలడం లేదా? ముందు థిన్నర్ డబ్బా పక్కన పెట్టండి

పోయిన మే నెలలో ఒక ఆప్టిమిస్ట్‌కి అంచు గీత వేద్దామని మాస్కింగ్ టేపు అంటించాం. అదేనండీ, హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునే 8 అడుగుల లోపు తెరచాప పడవ. మధ్యలో ఓ పెళ్లికి వరంగల్ వెళ్లాల్సి వచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఒడ్డుకొచ్చి టేపు లాగితే గోరంత ముక్కలుగా చిరిగింది. "థిన్నర్ కొట్టేస్తే ఒక్క నిమిషం పని సార్" అన్నాడు పెయింటర్. నిజంగానే నిమిషంలో బంక పోయింది. కింద ఉన్న ఎనామిల్ పెయింట్ కూడా మెత్తబడి దాంతోపాటే గుడ్డకి వచ్చేసింది.

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. ఆ బంక ఏ టేపుది, కింద ఉన్నది ఏమిటి అని చూసుకోకుండా సీసా మూత తీయను. జులైలో రెగట్టాల (తెరచాప పడవల పందేల) హడావుడి మొదలయ్యేలోపు పడవలు బోర్లించి కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కాగితం పొడిపొడిగా రాలుతోంది, కింద పసుప్పచ్చని గట్టి పొర

ఇది మాస్కింగ్ టేపు. మామూలు రకాల్లో బంక ఎక్కువగా రబ్బరుతో చేసిందే ఉంటుంది. మన మే ఎండలో, గాలే 40 డిగ్రీలు దాటినప్పుడు, పడవ ఒళ్లు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. వేడికి బంక ముందు మెత్తబడి ఉపరితలంలోకి బాగా పట్టుకుంటుంది, తర్వాత ఎండకి బిగుసుకుపోతుంది. పైన కాగితం పెళుసెక్కుతుంది.

ముందు కాగితం సంగతి చూడాలి. గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచిన గుడ్డ పావుగంట పరిచి ఉంచితే కాగితం నాని ఊడుతుంది. మిగిలిన బంక మీద కొబ్బరి నూనె పట్టించి, పైన పాలిథిన్ కవర్ కప్పి అరగంట వదిలేయండి. రబ్బరు బంకలోకి నూనె ఇంకి అది ఉబ్బుతుంది. తర్వాత పాత ఏటీఎం కార్డుని వాలుగా పెట్టి తోయండి. చపాతీ పిండి కలిపాక అరచేతులు రుద్దుకుంటే పోగులు రాలతాయే, బంక అలా ఉండలు చుట్టుకుని వస్తుంది. రాకపోతే ఇంకో అరగంట ఆగండి. బలం పెంచితే గీతలే మిగులుతాయి. చాకు, బ్లేడు దగ్గరికి రానివ్వొద్దు.

ఇంకా పలుచగా మిగిలితే బనియన్ గుడ్డ మీద కొంచెం మినరల్ టర్పెంటైన్ పోసి తుడవాలి. గుడ్డ మీద పోయాలి, పడవ మీద కాదు. పెయింట్ ఉన్న చోటయితే ముందు ఎవరికీ కనపడని మూల రుద్ది చూడండి. గుడ్డకి రంగు అంటితే అక్కడితో ఆపేయాలి.

వేలికి అంటే నల్లటి జిడ్డు

తెరచాప చిరగకుండా మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) దగ్గర పిన్నుల మీద చుట్టే ఇన్సులేషన్ టేపు పని ఇది. పీవీసీని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం వేడికి బంకలోకి దిగి, దాన్ని పాకంలా చేస్తుంది. దీనికి హెయిర్ డ్రయర్ పెట్టారంటే ఇంకా పాకుతుంది. టర్పెంటైన్ లేదా కిరసనాయిలుతో ఒకే వైపుకి తుడవండి, తుడిచిన ప్రతిసారీ గుడ్డ మడత మార్చండి. అదే మడతతో రెండోసారి తుడిస్తే తీసిన జిడ్డునే మళ్లీ పూస్తున్నట్టు.

పలుచటి, పారదర్శకమైన పొర. నూనెకి లొంగడం లేదు

ప్యాకింగ్ బ్రౌన్ టేపు. చాలావాటిలో ఆక్రిలిక్ బంక ఉంటుంది, కొబ్బరి నూనెకి పెద్దగా కదలదు. హెయిర్ డ్రయర్‌తో చెయ్యి పెట్టగలిగేంత వేడి చేసి కార్డుతో తోసి, మిగిలింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. సీసా మూత బిగించి దూరం పెట్టాకే డ్రయర్ ఆన్ చేయండి, తుడిచాక మళ్లీ వేడి పెట్టకండి.

బంక పోయింది, అద్దం మసకబారింది

మోటారు బోటు ముందున్న 'అద్దం' చాలాసార్లు గాజు కాదు, ఆక్రిలికో పాలికార్బొనేటో. థిన్నర్, అసిటోన్ తగిలితే తెల్లబడి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. పగుళ్లు వచ్చాక చేయగలిగింది లేదు, మార్చుకోవడమే. దీనికి నూనె, సబ్బునీళ్లు, ఓపిక తప్ప ఇంకేమీ వాడొద్దు. ఆల్కహాల్ కూడా ఆక్రిలిక్‌కి పడదు.

ఎంత రుద్దినా టేపు ఆకారంలో మచ్చ

గోరుతో గీసి చూడండి. గోరు ఎక్కడా పట్టకుండా జారిపోతే అది బంక కాదు. టేపు కింద జెల్‌కోట్ (ఫైబర్ పడవకి ఉండే నున్నటి పైపూత) పాత రంగులోనే ఉంది, చుట్టూ ఉన్నది ఎండకి వెలిసింది, అంతే. నేను ఒకసారి ఈ మచ్చతో పూట గడిపాను. రబ్బింగ్ కాంపౌండ్‌తో చుట్టుపక్కల భాగాన్ని పాలిష్ చేసి వాక్స్ పెడితే తేడా తగ్గుతుంది.

కొత్త రంగులో సూదిబెజ్జాల్లాంటి గుంటలు

మీరు బంక తీయడానికి రాసిన నూనె ఇంకా అక్కడే ఉంది. ఆరాక ఆ భాగం సాండ్‌పేపర్ పట్టి మళ్లీ వేయాల్సిందే. అందుకే రంగుకి ముందు సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్ గుడ్డతో తుడిచి, అది ఆవిరయ్యేలోపే పొడిగుడ్డతో ఎత్తేయాలి. నీళ్లు చల్లితే పొరలా పరుచుకోవాలి. ముత్యాల్లా నిలబడ్డాయంటే నూనో వాక్సో మిగిలినట్టే.

పెట్రోలు మాత్రం ఏ బంకకీ వద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున చేరి నిలిచిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. తుడిచిన గుడ్డలు ఆరుబయట ఆరేసి చెత్తలో వేయండి, సాగర్‌లోకి విసరకండి.

ఈసారి టేపు వేసేటప్పుడు చివర అరంగుళం మడిచి వదలండి, పట్టుకోవడానికి వీలుంటుంది. ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఎండకి ఓర్చే నీలం టేపు అడగండి, ధర ఎక్కువే. మామూలు తెల్ల మాస్కింగ్ టేపయితే రంగు పూర్తిగా గట్టిపడకముందే, అదే సాయంత్రం, టేపుని దాని మీదకే మడిచినట్టు వెనక్కి మెల్లగా లాగేయండి. పెళ్లికి వెళ్లేది ఉంటే కనీసం పడవని నీడలోకి జరిపి వెళ్లండి.