బ్రిటన్‌లో విన్నపాల భాష: కొత్తగా వచ్చిన తెలుగువారికి కొన్ని సూచనలు

బ్రిటన్‌కు వచ్చిన మొదటి సంవత్సరంలోనే ‘అప్పీల్’ అన్న మాట మీకు మూడు చోట్ల ఎదురుకావచ్చు. అక్టోబరు చివరి నుంచి నవంబరు 11 వరకు కోటుకు ఎర్రని గసగసాల పువ్వు గుర్తు పెట్టుకుని మాజీ సైనికుల కోసం చందా వేసే ‘పాపీ అప్పీల్’ వాటిలో ఒకటి. అది 1921లో మొదలైంది. క్రికెట్ మైదానంలో ‘హౌజాట్’ అని అరవడం రెండవది. 31వ నిబంధన ప్రకారం ఫీల్డింగ్ జట్టువారు అడగనిదే అంపైర్ అవుట్ ఇవ్వకూడదు. మూడవది కారు పార్కింగ్ జరిమానాకు సంబంధించినది. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ వేసిన జరిమానాపై మొదట అభ్యంతరం తెలపవచ్చు, తరువాత లిఖితపూర్వకంగా ‘రిప్రజెంటేషన్’ పంపాలి, అదీ తిరస్కరణకు గురైతేనే 28 రోజులలోగా స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పీల్ చేసుకోవాలి. మొదటి ఉత్తరంలోనే ‘అప్పీల్ చేస్తున్నాను’ అని రాసేవారు మనలో చాలామంది. దానివల్ల నష్టమేమీ లేదు గానీ, ఏ మెట్టు మీద ఉన్నామో తెలిసి రాయడం మేలు.

మాట తెలిసినంత మాత్రాన పలుకుబడులు తెలియవు. ఇక్కడివారు అడుక్కోవడం, బతిమాలడం గురించి వాడే పలుకుబడులలో అధిక భాగం ఎదుటివారిని తేలిక చేయడానికి పుట్టినవే. పత్రికలలో తరచుగా కనిపించే ‘క్యాప్ ఇన్ హ్యాండ్’ అన్నదానికి టోపీ చేతపట్టుకుని నిలబడడం అని అర్థం. యజమాని ఎదుట కూలివాడు టోపీ తీసి నిలుచునే ఆచారమే దీనికి మూలం. 1976లో బ్రిటన్ ప్రభుత్వం పౌండు పతనాన్ని ఆపలేక అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 390 కోట్ల డాలర్ల అప్పు కోరింది. ఆ సంగతిని ఇప్పటికీ ఈ మాటతోనే గుర్తుచేసుకుంటారు. దీనికి తోబుట్టువు ‘టగ్గింగ్ ద ఫోర్‌లాక్’. టోపీ కూడా లేని పేదవాడు నుదుటి మీది జుట్టును వేళ్లతో లాగి దొరకు వందనం చేసేవాడు. తెలంగాణ పల్లెలలో ‘నీ బాంచెను, కాల్మొక్తా’ అన్న మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తెలిసినవారికి దీని బరువు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక సహోద్యోగి మిమ్మల్ని గురించి ఈ మాట వాడితే అది మీ వినయానికి మెప్పు కాదని గ్రహించండి.

‘పుల్లింగ్ స్ట్రింగ్స్’ అంటే మన ‘పైరవీ’. తెర వెనుక ఉండి తోలుబొమ్మల దారాలు లాగేవాడిని ఊహించుకుంటే అర్థం దానంతటదే తెలుస్తుంది. ‘పుట్ ఇన్ ఎ గుడ్ వర్డ్’ అన్నది మాత్రం నిర్దోషమైన మాట; మనకు తెలిసినవారి చెవిన ఒక మంచి మాట వేయమని కోరడం ఇక్కడ తప్పు కాదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదో నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

‘ఫాల్ ఆన్ డెఫ్ ఇయర్స్’ అన్నదాన్ని చెవిటివాని ముందు శంఖమూదడంతో సమానంగా చూస్తాం గానీ, రెండింటికీ తేడా ఉంది. మన సామెతలో వినేవాడికి వినిపించదు. ఇంగ్లీషులో వినగలిగినవాడే వినడం లేదు. 1611 నాటి బైబిల్ అనువాదంలోని 58వ కీర్తనలో పాములవాని స్వరం వినకుండా చెవి మూసుకునే సర్పం ఉన్నది కదా, ఆ ధోరణి ఇది. అందువల్ల అధికారికి రాసే ఉత్తరంలో ఈ మాట వాడితే ఆయన కావాలని పట్టించుకోలేదని నింద మోపినట్లవుతుంది. పైగా వినికిడి లోపం ఉన్నవారిని ఇది నొప్పించవచ్చు.

‘బెగ్ ద క్వెశ్చన్’లో బిచ్చమూ లేదు, ప్రశ్నా లేదు. నిరూపించవలసిన విషయాన్నే ఆధారంగా పట్టుకుని వాదించడం అన్న తర్కదోషానికి లాటిన్‌లో ఉన్న పేరును 16వ శతాబ్దంలో వంకరగా ఇంగ్లీషులోకి తెచ్చినందువల్ల ఈ చిక్కు వచ్చింది. ఇప్పుడు చాలామంది ‘ప్రశ్న తలెత్తుతోంది’ అన్న అర్థంలో వాడుతున్నారు, పండితులు విసుక్కుంటున్నారు. మీ విన్నపానికి వచ్చిన జవాబులో ఈ మాట కనిపిస్తే, ఏ అర్థంలో వాడారో చూసుకోండి.

పార్లమెంటు చూడడానికి వెళితే, కామన్స్ సభలో స్పీకర్ కుర్చీ వెనుక ప్రజల అర్జీలు వేసే సంచి ఉన్నదని, ‘ఇన్ ద బ్యాగ్’ అన్న మాట అందులోంచే పుట్టిందని ఎవరైనా చెప్పవచ్చు. సంచి నిజమే, కథ నమ్మదగినది కాదు. పని ఖాయమైందన్న అర్థంలో ఆ మాట 20వ శతాబ్దపు అమెరికాలో వాడుకకు వచ్చింది.

ఇక మన సొంత అలవాటు ఒకటి. మన బడులలో నేర్పిన ‘ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు స్టేట్’ అన్న వాక్యం ఒకనాడు ఇంగ్లీషు కార్యాలయాల మర్యాదే; ఇప్పుడు ఇక్కడ అది పాత దస్తావేజులోంచి తీసినట్లు ధ్వనిస్తుంది. ‘బెగ్’ అన్న క్రియ ‘బెగ్ యువర్ పార్డన్’, ‘బెగ్ టు డిఫర్’ వంటి కొన్ని మాటలలో మాత్రమే మర్యాదగా మిగిలింది. జరిమానా రద్దు చేయమని గానీ వీసా నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని గానీ కోరేటప్పుడు, నోటీసు సంఖ్యనూ తేదీనీ జరిగిన సంగతినీ వరుసగా రాసి, ‘ఐ యామ్ రైటింగ్ టు ఆస్క్ యు టు రీకన్సిడర్’ అని అడగండి.