షూటర్ ఆటలు నేర్చుకుందాం – 4వ పాఠం: మొదటిసారి ఏ డిఫికల్టీలో ఆడాలి?

పోయిన పాఠంలో మౌస్ సెన్సిటివిటీ, అంటే మౌస్ ఎంత కదిపితే ఆటలో చూపు ఎంత తిరగాలన్నది, సరిచేసుకున్నాం. గోడ మీద ఒక గుర్తు చూసుకుని, పూర్తిగా వెనక్కి తిరిగి, మళ్లీ సరిగ్గా అదే గుర్తు దగ్గర ఆగడం మీకిచ్చిన అభ్యాసం. అది ఇంకా కుదరనివాళ్లు మరో రెండు రోజులు అదే చేసి తర్వాత ఈ పాఠానికి రండి. చెయ్యి నిలకడగా లేకపోతే ఆట కష్టంగా ఉందో, మన మౌస్ మన మాట వినడం లేదో తేల్చుకోలేం.

కొత్త ఆట తెరవగానే ఈజీయా, నార్మలా, హార్డా అని అడుగుతుంది. అప్పటికి మనం ఒక్క శత్రువునీ చూసి ఉండం, ఒక్క తుపాకీ పేల్చి ఉండం. ఏమీ తెలియకముందే తీసుకోవాల్సిన నిర్ణయం ఇది. అందుకే చాలామంది పౌరుషానికి పోయి అన్నిటికంటే పై మెట్టు నొక్కేస్తారు. నేనూ ఒక యుద్ధం ఆటను మొదటిసారే చివరి స్థాయిలో మొదలుపెట్టాను. మూడో మిషన్‌లో ఒక వీధి దాటలేక ఆపేశాను. కొన్ని నెలల తర్వాత నార్మల్‌లో మళ్లీ మొదలుపెట్టి వారంలో పూర్తిచేశాను. ఆ తర్వాత అదే చివరి స్థాయిలో మరోసారి ఆడితే, నాకు ఆ ఆటలో అన్నిటికంటే బాగా నచ్చిన అనుభవం అదే అయింది. ఏ కిటికీలో ఎవడుంటాడో, ఏ గోడ చాటు నిలుస్తుందో అప్పటికి నాకు తెలుసు.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. భయపడి ఈజీ నొక్కి, ఆట మొత్తం అందులోనే ముగించడం. హేలో ఆటల్నే తీసుకోండి. ఎలీట్ అనే శత్రువుల చుట్టూ ఒక షీల్డ్ ఉంటుంది. ప్లాస్మా ఆయుధాలు ఆ షీల్డ్‌ను త్వరగా దించుతాయి, మామూలు తూటాలు ఒంటి మీద బాగా పనిచేస్తాయి. ఒకదానితో షీల్డ్ దించి, వెంటనే రెండోదానికి మారి తలకు గురిపెట్టడంలోనే ఆ పోరాటాల అందమంతా ఉంది. ఈజీలో ఈ అవసరమే రాదు. చేతిలో ఏది ఉంటే అది కాలుస్తూ పోయినా పని జరిగిపోతుంది. ఆట పూర్తవుతుంది గానీ, అందులో ఉన్న ఆయుధాలు ఎందుకున్నాయో తెలియకుండానే పూర్తవుతుంది. హేలో అభిమానుల్లో చాలామంది నాలుగు మెట్లలో మూడోదైన హీరోయిక్‌లోనే అసలు ఆట కనిపిస్తుందని చెప్పడానికి కారణం ఇదే.

మరి ఎలా ఎంచుకోవాలి? ముందు ఒక విషయం బాగా పట్టుకోండి. హార్డ్ అనే మాటకు అన్ని ఆటల్లో ఒకే అర్థం లేదు.

పేరు వెనక ఏం మారుతుంది?

1993లో వచ్చిన డూమ్ నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే దాన్ని చూస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి. అందులో ఇప్పుడు ఐదు స్థాయిలున్నాయి (చివరిదైన నైట్‌మేర్‌ను ఆట విడుదలయ్యాక చేర్చారు). మొదటి స్థాయిలో మనకు తగిలే దెబ్బ సగమే, దొరికే తూటాలు రెట్టింపు. రెండో స్థాయికి వెళ్తే ఈ రెండు సాయాలూ పోతాయి కానీ రాక్షసుల సంఖ్య మాత్రం మారదు. మూడో స్థాయిలో రాక్షసులు పెరుగుతారు, నాలుగోలో ఇంకా పెరుగుతారు. ఐదోదానిలో నాలుగోదానిలో ఉన్నంతమందే ఉంటారు, కానీ వేగంగా కదులుతారు, చంపినవాళ్లు కాసేపటికి మళ్లీ లేస్తారు. అంటే ఈ ఐదు మెట్ల ఎత్తు ఒకటి కాదు. మొదటి రెండిటి మధ్య తేడా మన ఒంటికి సంబంధించింది, తర్వాతి రెండు మెట్లూ గుంపుకు సంబంధించినవి. చివరిదైతే ఆట పద్ధతినే మార్చేస్తుంది. గదిని శుభ్రం చేసి నింపాదిగా తిరుగుదామంటే అక్కడ కుదరదు, కదులుతూనే ఉండాలి.

1998 నాటి హాఫ్-లైఫ్‌లో వ్యవహారం వేరు. అక్కడ ప్రధానంగా మారేవి అంకెలు: శత్రువు ఎన్ని తూటాలకు పడతాడు, వాడి తూటా మనకు ఎంత హాని చేస్తుంది అన్నవే. పోరాటం అదే, ఎక్కువసేపు సాగుతుంది, తప్పుకు శిక్ష పెరుగుతుంది. ఇలాంటి ఆటల్లో హార్డ్‌కు వెళ్తే కొత్తగా చూసేది పెద్దగా ఉండదు కాబట్టి మొదటిసారి మధ్య మెట్టే మంచిదని నా అభిప్రాయం.

1997లో వచ్చిన గోల్డెన్‌ఐ 007 వీటికి పూర్తిగా భిన్నం. డిఫికల్టీ పెరిగితే అక్కడ చేయాల్సిన పనులే పెరుగుతాయి. మొదటి మిషన్‌లో ఏజెంట్ స్థాయివాడు డ్యామ్ మీద నుంచి తాడు కట్టుకుని దూకితే చాలు. సీక్రెట్ ఏజెంట్ స్థాయివాడు అంతకుముందే అలారాలన్నీ పగలగొట్టి రావాలి. ఆ పై మెట్టులో ఇంకా పనులుంటాయి. ఒకే చోటును మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త లోతుగా ఆడించాలన్న ఆలోచన అది. కింది నుంచి పైకి వెళ్లడమే అక్కడ సరైన దారి, ఈజీతో మొదలుపెట్టడానికి సందేహించాల్సిన పనిలేదు.

కాల్ ఆఫ్ డ్యూటీ మిషన్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షూటర్లలోకి చాలామంది వీటితోనే వస్తారు. 2005లో వచ్చిన రెండో ఆట నుంచి దాదాపు అన్నిటిలో హెల్త్ (మనకు మిగిలిన ప్రాణం) దానంతటదే తిరిగి వస్తుంది. దెబ్బ తగిలితే గోడ చాటుకు వెళ్లి కొన్ని సెకన్లు ఆగితే చాలు. చివరి మెట్టు వెటరన్. అక్కడ రెండు మూడు తూటాలకే పడిపోతాం. పాత ఆటల్లో కొన్ని చోట్ల మరో సంగతి కూడా ఉంది: మనం ముందుకు వెళ్లి ఒక గీత దాటేదాకా శత్రువులు వస్తూనే ఉంటారు. ఇది తెలియనివాడు వెటరన్‌లో గోడ చాటున కూర్చుని, అందరినీ చంపేశాక కదులుదామని ఎదురుచూస్తాడు. ఆ అందరూ ఎప్పటికీ అయిపోరు. 2008 నాటి వరల్డ్ ఎట్ వార్‌లోనైతే అలా కూర్చున్నవాడి కాళ్ల దగ్గర గ్రెనేడ్లు వరుసగా పడుతుంటాయి. ఇక్కడ కావాల్సింది గురి కంటే తెలివిడి: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ముందుకు దూకాలి. దూకితే ఏమవుతుందో చూసే అవకాశం ఇచ్చేది రెండో మెట్టు రెగ్యులరే. దూకినందుకు వెంటనే చావరు కాబట్టి దూకడం అలవాటవుతుంది.

కొన్ని ఆటల్లో పై స్థాయి మన నుంచి సమాచారాన్ని లాగేసుకుంటుంది. 2007లో వచ్చిన క్రైసిస్‌లో ఉత్తర కొరియా సైనికులు మామూలుగా ఇంగ్లీషులో అరుచుకుంటారు. డెల్టా అనే చివరి స్థాయిలో కొరియన్ భాషలో మాట్లాడుకుంటారు, వాళ్లేం చేయబోతున్నారో మాటల్ని బట్టి పట్టుకోలేం. మెట్రో 2033 ఆటకు ఉన్న రేంజర్ మోడ్ కూడా ఇలాంటిదే. తెర మీద కనిపించే సూచనలు తగ్గుతాయి, తూటాలు దొరకడం కష్టమవుతుంది, కానీ మన తూటాకూ శత్రువు తూటాకూ రెండిటికీ బలం పెరుగుతుంది. నాకు ఎంతో ఇష్టమైన మోడ్ అది, ఆ ఆట జరిగే మెట్రో రైలు సొరంగాల్లో టెన్షన్ అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. అయినా మొదటిసారికి వద్దనే చెబుతాను. ఏ సూచన ఉండేదో తెలిసినవాడికే అది లేకపోవడం విలువ తెలుస్తుంది.

ఆట తనే సర్దుకుంటే?

2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 మనం ఆడే తీరును గమనిస్తూ ఉంటుంది. పదే పదే చనిపోతే లోపల ఒత్తిడి తగ్గిస్తుంది, బాగా ఆడితే పెంచుతుంది. మొదట నార్మల్ పూర్తిచేస్తేనే ప్రొఫెషనల్ తెరుచుకుంటుంది. 2008లో వచ్చిన లెఫ్ట్ 4 డెడ్‌లో డైరెక్టర్ అనే ఏర్పాటు ఎప్పుడు గుంపును వదలాలో, ఎప్పుడు మనల్ని ఊపిరి పీల్చుకోనివ్వాలో చూసుకుంటుంది. ఇలాంటి ఆటల్లో నార్మల్ పెట్టి వదిలేయండి.

కొన్ని ఆటలు ముందే చిన్న పరీక్ష పెడతాయి. కాల్ ఆఫ్ డ్యూటీ 4లోనూ, టైటన్‌ఫాల్ 2లోనూ ఒక శిక్షణ దారిలో మనల్ని పరుగెత్తించి, పట్టిన టైమ్‌ను బట్టి డిఫికల్టీ సలహా ఇస్తారు. ఆ సలహా పనికొస్తుంది, అయితే మొదటి ఒకటి రెండు పరుగులకు వచ్చిన సలహానే తీసుకోండి. పదిసార్లు పరుగెత్తితే టైమ్ తగ్గుతుంది, నిజమే. అప్పటికి మీకు ఆ దారి కంఠతా వచ్చేసి ఉంటుంది. యుద్ధంలో రాబోయే దారి అలా కంఠతా ఉండదు.

కొత్త ఆటల్లో ఒకే మెట్టుకు బదులు విడివిడి అమరికలు ఇస్తున్నారు. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో మనకు తగిలే దెబ్బ, శత్రువుల తీరు, తోటివాళ్ల సాయం, దొరికే సామాను వేర్వేరుగా మార్చుకోవచ్చు. 2025 నాటి డూమ్: ది డార్క్ ఏజెస్‌లోనైతే ఆట వేగాన్ని కూడా మార్చుకోవచ్చు. ఇన్ని చూసి కంగారు పడకండి. కష్టంగా ఉంటే మొదట మనకు తగిలే దెబ్బను తగ్గించండి. శత్రువు ప్రాణం జోలికి వెళ్లకండి. వాడి ప్రాణం తగ్గిస్తే తుపాకుల మధ్య తేడా చెరిగిపోతుంది, ఏ తుపాకీతో ఎన్ని తూటాలు పడతాయన్న లెక్క మీ చేతికి తప్పుగా అలవాటవుతుంది. మనకు తగిలే దెబ్బ తగ్గిస్తే నేర్చుకోవడానికి టైమ్ మాత్రమే పెరుగుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్కటి చూసుకోండి: మధ్యలో మార్చుకోనిస్తారా? హాఫ్-లైఫ్ 2 లాంటి ఆటల్లో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కొన్నిటిలో తగ్గించనిస్తారు గానీ మళ్లీ పెంచనివ్వరు. 2016 నాటి డూమ్‌లో అల్ట్రా-నైట్‌మేర్ అంటే ఒకే ప్రాణం, పోతే మొదటి నుంచి ఆడాలి. ట్రోఫీలు, అచీవ్‌మెంట్ల ఆలోచన మొదటిసారి పక్కన పెట్టేయండి. అవి రెండోసారి ఆడినప్పుడూ అక్కడే ఉంటాయి.

చావుల చిట్టా

ఇక అసలు అభ్యాసం. నాలుగు మెట్లున్న ఆటలో రెండోదాన్ని, మూడుంటే మధ్యదాన్ని ఎంచుకోండి. శిక్షణ భాగాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఒక గంట ఆడండి. పక్కన కాగితం పెట్టుకుని, చనిపోయిన ప్రతిసారీ ఎందుకు చనిపోయారో ఒక్క ముక్కలో రాయండి. మళ్లీ లోడయ్యే ఆ కొన్ని సెకన్లు చాలు.

ఆ రాతల్లో మూడు రకాలు కనిపిస్తాయి. నడిబజారులో నిలబడి రీలోడ్ చేశాను, పక్క తలుపు చూసుకోకుండా లోపలికి వెళ్లాను – ఇలా తప్పేమిటో మీకే తెలిసిన చావులు మొదటి రకం. ఇవే ఎక్కువుంటే ఆ డిఫికల్టీ మీకు సరిపోయింది, ఎన్నిసార్లు చచ్చినా సరే మార్చకండి. ఎవడు కొట్టాడో, ఎక్కడ నుంచి కొట్టాడో తెలియలేదన్నది రెండో రకం. ఇవి ఎక్కువైతే తొందరపడి డిఫికల్టీ తగ్గించకండి. బ్రైట్‌నెస్ సరిగ్గా ఉందా, దెబ్బ వచ్చిన దిక్కు చూపించే గుర్తు ఆన్‌లో ఉందా, హెడ్‌ఫోన్స్‌లో కుడి ఎడమలు సరిగ్గా వినిపిస్తున్నాయా చూడండి. అవన్నీ బాగున్నా తెలియకపోతేనే ఒక మెట్టు దిగండి. ఏం చేయాలో తెలుసు, చెయ్యి అందుకోలేదన్నది మూడో రకం. దీనికి రెండు మిషన్ల పాటు ఒక మెట్టు దిగి మళ్లీ ఎక్కండి. కంట్రోలర్‌తో ఆడేవాళ్లు ఎయిమ్ అసిస్ట్ (గురిపెట్టడంలో ఆటే కాస్త సాయం చేసే అమరిక) ఆన్ చేసుకోండి. చేతి నొప్పి వల్లనో, చూపు వల్లనో ఇబ్బంది ఉన్నవాళ్లు ఎక్కే ప్రయత్నం చేయాల్సిన అవసరమే లేదు, హాయిగా కింది మెట్టులోనే ఆడండి.

గంటసేపు ఆడినా కాగితం ఖాళీగానే ఉండి, హెల్త్ ఒక్కసారి కూడా సగానికి రాలేదా? ఒక మెట్టు ఎక్కండి.

ఒకే చోట ఐదుసార్లు చనిపోతే చిట్టాలో ఆ ఐదు వరసలూ మళ్లీ చదవండి. ఐదుసార్లూ ఒకే తలుపులోంచి వెళ్లి ఉంటే ఆరోసారి వేరే దారి, వేరే తుపాకీ ప్రయత్నించండి. నాలుగు వేర్వేరు దారులు ప్రయత్నించినా కుదరకపోతే అప్పుడు దిగండి, ఆ చోటు దాటాక మళ్లీ పెంచుకోండి.

వచ్చే పాఠానికి ఈ చిట్టా దగ్గర పెట్టుకోండి. రెండో రకం చావులు ఎక్కువున్నవాళ్లకు 5వ పాఠం చాలా అవసరం, అందులో అడుగుల చప్పుడు విని శత్రువు ఎటున్నాడో కనిపెట్టడం నేర్చుకుంటాం. కాబట్టి హెడ్‌ఫోన్స్ సిద్ధంగా ఉంచుకోండి.