ఇస్రో ఇంటర్వ్యూలో తడబాటు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇస్రోలో సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ (ఇది ఉద్యోగ స్థాయి పేరు, రిజర్వేషన్ కాదు) ఉద్యోగానికి ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అభ్యర్థుల్లో చాలామంది ఇంగ్లిష్ సరిగ్గా రాకపోవడమే కారణమనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఇంటర్వ్యూకు ఉండే 100 మార్కుల్లో 40 సబ్జెక్టు పరిజ్ఞానానికి, 20 ఆ సబ్జెక్టుకు సంబంధించిన సాధారణ అవగాహనకు కేటాయించారు; మాట తీరుకు, విషయం చెప్పే పద్ధతికి ఉన్నవి 20 మాత్రమే. కాబట్టి ముందుగా చూసుకోవలసింది, తెలిసిన విషయంలోనే జవాబు రెండో ప్రశ్నకు ఎందుకు ఆగిపోతోందన్నది.

సమస్య: ప్రాజెక్టు గురించి బాగా మొదలుపెట్టి, కాసేపటికే నోరు పెగలకపోవడం

ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఒకరు ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో, నేల తేమను బట్టి మోటారు దానంతటదే ఆగేలా ప్రాజెక్టు చేశారనుకుందాం. అది ఏం చేస్తుందో అందరూ చెప్పగలరు. ఆ తరువాత వచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఆ బోర్డులోని ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) ఎన్ని బిట్లది? పది బిట్లు, రిఫరెన్స్ 5 వోల్టులు అయితే అది గుర్తించగల కనీస మార్పు ఎంత? (5ను 1024తో భాగిస్తే సుమారు 4.9 మిల్లీవోల్టులు.) రిఫరెన్స్ వోల్టేజీ ఊగిసలాడితే రీడింగ్ ఏమవుతుంది? తేమ కొలిచే లోహపు పుల్లలు కొన్ని వారాలకే ఎందుకు తినేసినట్టవుతాయి?

కారణం చాలాసార్లు ఒక్కటే: ప్రాజెక్టును డబ్బిచ్చి తయారు చేయించుకోవడం, లేదా జట్టులో ఒక్కరే చేస్తే మిగిలినవారు రికార్డు మాత్రం రాయడం. ఇది రహస్యమేమీ కాదు, ఇంటర్వ్యూ బోర్డు సభ్యులకు తెలియనిదీ కాదు.

పరిష్కారం కొత్త ప్రాజెక్టు వెతుక్కోవడం కాదు. ఉన్నదాన్నే విప్పి మళ్లీ కట్టడం. ప్రతి విడిభాగం దగ్గరా ‘ఇదే ఎందుకు, మరొకటి ఎందుకు కాదు, ఇది పాడైతే ఏమవుతుంది’ అనే మూడు ప్రశ్నలు వేసుకుని జవాబు కాగితం మీద రాయాలి. పై ఉదాహరణలో పుల్లల మధ్య ఏకముఖ విద్యుత్తు ఎప్పుడూ ప్రవహిస్తూ ఉండడం వల్ల విద్యుద్విశ్లేషణ జరిగి లోహం కరిగిపోతుంది. రీడింగ్ తీసుకునే క్షణంలోనే కరెంటు ఇవ్వడమో, లోహం మట్టికి నేరుగా తగలని కెపాసిటివ్ సెన్సర్ వాడడమో దానికి మార్గం. తన ప్రాజెక్టులోని లోపాన్ని తానే చెప్పి, దాన్ని సరిదిద్దే దారి కూడా చెప్పిన అభ్యర్థికి, అంతా సవ్యంగా పనిచేసిందని చెప్పినవారికంటే మంచి మార్కులు రావాలన్నది నా అభిప్రాయం.

సమస్య: సూత్రం వస్తుంది, దాని అర్థం రాదు

మెకానికల్ వారిలో ఇది ఎక్కువ. లోపల పీడనం ఉన్న పలుచని సిలిండరులో చుట్టుకొలత దిశలో ఒత్తిడి పీడీ/2టీ అనీ, పొడవు దిశలో పీడీ/4టీ అనీ (పీ పీడనం, డీ వ్యాసం, టీ గోడ మందం) వెంటనే చెబుతారు. సిలిండరు పగిలితే చీలిక ఎటు పడుతుందంటే ఆలోచనలో పడతారు. చుట్టుకొలత దిశలో ఒత్తిడి రెట్టింపు కనుక చీలిక పొడవునా పడుతుంది. గేట్ పరీక్ష కోసం లెక్కలు వేగంగా చేయడం నేర్చుకున్నాక, బొమ్మ గీసుకునే అలవాటు పోవడమే ఇందుకు కారణం. ప్రతి సూత్రానికీ ఒక బొమ్మ గీసి, దాన్ని తోటి విద్యార్థికి ముందు తెలుగులో, తరువాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పైకి చెప్పాలి. భాష భయం కూడా చాలావరకు ఇక్కడే తగ్గుతుంది. అన్ని సబ్జెక్టులూ ఇలా చదవడం సాధ్యం కాదు. రెండు మూడింటిని ఎంచుకుని, ఇష్టమైన సబ్జెక్టు ఏదని అడిగినప్పుడు వాటి పేర్లే చెప్పండి.

సమస్య: ప్రయోగాల తేదీలన్నీ కంఠస్థం, అయినా సాధారణ అవగాహనలో తడబాటు

చంద్రయాన్-3 2023 జూలై 14న బయలుదేరి ఆగస్టు 23న దిగిందని తెలిస్తే చాలదు. దాన్ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్‌లో క్రయోజెనిక్ దశ (అతి చల్లని ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచేది) పైనే ఎందుకుంది? నేల నుంచి లేవడానికి భారీ తోపుడు బలం కావాలి, దాన్ని ఘన ఇంధన బూస్టర్లు తేలిగ్గా ఇస్తాయి; హైడ్రోజన్ కిలోకు ఎక్కువ ఫలితమిచ్చినా సాంద్రత బాగా తక్కువ, ట్యాంకు పెద్దదవుతుంది, కాబట్టి పై దశలోనే దాని లాభం ఎక్కువ. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు (ధ్రువాల మీదుగా తిరిగే దారికి) వెళ్లే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదట ఆగ్నేయంగా వెళ్లి తరువాత దక్షిణానికి ఎందుకు తిరుగుతుంది? దారిలో శ్రీలంక ఉంది కనుక. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది కనుకనే చిన్న రాకెట్ల కోసం తమిళనాడులోని కులశేఖరపట్నంలో మరో ప్రయోగ కేంద్రం కడుతున్నారు.

మీ ఊరి నుంచి కూడా ప్రశ్న రావచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఆ చీకట్లో ఉపగ్రహానికి మేఘాలు ఎలా కనిపిస్తాయని అడిగితే, ఉష్ణ పరారుణ కిరణాలతో మేఘం పైభాగపు ఉష్ణోగ్రతను కొలుస్తుందని, ఎంత చల్లగా ఉంటే మేఘం అంత ఎత్తున ఉన్నట్టని చెప్పగలగాలి. ఇన్‌శాట్-3డీ వంటి వాతావరణ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఎందుకుంటాయన్నది దాని వెంటే వస్తుంది: అక్కడి కక్ష్యాకాలం భూభ్రమణంతో సమానం కనుక ఒకే ప్రాంతాన్ని ఎడతెగకుండా చూడవచ్చు.

సమస్య: ఒక్క తప్పు జవాబుతో మిగతావీ చెదిరిపోవడం

తెలియనిదాన్ని ఊహించి చెప్పి, దాన్ని సమర్థించుకోబోవడం దీనికి మూలం. తెలియదని ఒక్క మాటలో చెప్పి, తెలిసినంత నుంచి ఆలోచించడానికి అనుమతి అడగండి.

సమస్య: ధ్రువపత్రాల పరిశీలన దగ్గరే ఆగిపోవడం

రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో దరఖాస్తుకు ముందే చూసుకుని, ఉంటే కేంద్ర నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ పత్రాన్ని తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోండి. దానిపై ఉన్న తేదీ నోటిఫికేషన్ అడిగిన కాలానికి సరిపోవాలి. ఇంటర్వ్యూ అక్టోబరు, నవంబరుల్లో పడితే, తుపాన్లకు రైళ్లు రద్దయ్యే కాలం కనుక, ఆమదాలవలసలో ఒక రోజు ముందు రైలే ఎక్కండి.