ప్రత్యర్థి జట్టుపై స్కౌట్ రిపోర్ట్ ఎలా తయారు చేయాలి?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ అనగానే, హెడ్ కోచ్ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టే మనిషి చాలామందికి గుర్తొస్తాడు. లోపలివాళ్లకు మాత్రం అసిస్టెంట్ పనితనం తెలిసేది స్కౌట్ దగ్గరే, అంటే ప్రత్యర్థి ఆటను ముందే చదివి జట్టును సిద్ధం చేసే పని దగ్గర. సీజన్‌లో 30 దాకా మ్యాచ్‌లుంటాయి. వాటిని అసిస్టెంట్లు పంచుకుంటారు. మీ వంతుకొచ్చిన జట్టు ఎలా ఆడుతుందో, దాన్ని ఎలా ఆపాలో మన అమ్మాయిలకు చెప్పాల్సింది మీరే. ఆ మ్యాచ్‌ను ‘నీ స్కౌట్’ అనే పిలుస్తారు. ఓడిపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు.

నేను కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1 మహిళల జట్లతో తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఏటా కొత్తగా చేరే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు (పీజీ చదువుతూ కోచింగ్‌లో సాయం చేసేవాళ్లు) ఒకే తప్పు చేస్తారు. చేటభారతమంత రిపోర్ట్ తెచ్చి బల్ల మీద పెడతారు. అందులో అన్నీ ఉంటాయి, రేపు మన ప్లేయర్ ఏం చేయాలో తప్ప.

కావలసినవి

ల్యాప్‌టాప్, సినర్జీ లేదా హడల్ లాంటి వీడియో సాఫ్ట్‌వేర్, గీతల నోట్‌బుక్, ఒక నల్ల పెన్ను, ఒక ఎర్ర పెన్ను. నోట్స్ చేత్తోనే రాయాలి. టైప్ చేస్తే చూసిందల్లా రాసేస్తారు, చేత్తో రాస్తే అవసరమైనదే రాస్తారు.

అంతా వీడియో మీదే ఎందుకంటే, ఈ సీజన్‌లో మనతో ఆడబోయే జట్టు మ్యాచ్‌కు స్వయంగా వెళ్లి స్కౌట్ చేయడం డివిజన్ 1లో నిషేధం. ఇద్దరూ ఒకే చోట ఒకే టోర్నమెంటులో ఆడుతున్నప్పుడు మినహాయింపు ఉంటుంది. మిగతా రోజుల్లో వీడియో గదే దిక్కు.

మ్యాచ్‌లు చూడడం

నాలుగు పూర్తి మ్యాచ్‌లు చూడాలి. ఆ జట్టు ఆడిన చివరి రెండు, అది ఓడిన మ్యాచ్ ఒకటి, మనలాగే ఆడే జట్టుతో తలపడినది ఒకటి. మూడు చాలవు, ఐదు దండగ. సౌండ్ ఆపేయండి. లేకపోతే కామెంటేటర్ అభిప్రాయాలు మీ నోట్స్‌లోకి వచ్చేస్తాయి. మొదటి మ్యాచ్ ఎక్కడా పాజ్ చేయకుండా, ఏమీ రాయకుండా చూడండి. రెండో మ్యాచ్ నుంచి పెన్ను పట్టండి.

రాసుకోవాల్సినవి ఇవి: టైమౌట్ తర్వాత వాళ్లు ఆడే మొదటి ప్లే (ముందే అనుకున్న ఎత్తుగడ), బాస్కెట్ వెనకున్న బేస్‌లైన్ నుంచి బంతి లోపలికి వేసే పద్ధతి, మన బాల్ స్క్రీన్‌ను (బంతి ఉన్న ప్లేయర్‌కు దారి దొరికేలా తోటి ప్లేయర్ డిఫెండర్‌కు అడ్డంగా నిలబడడాన్ని) వాళ్లు ఎలా ఎదుర్కొంటారు, క్వార్టర్ చివరి 30 సెకన్లలో బంతి ఎవరి చేతికి వెళ్తుంది. షాట్ క్లాక్ (బంతి అందాక షాట్ వేయడానికి ఉండే గడువు) కూడా 30 సెకన్లే కాబట్టి ఆ చివరి ప్లేను క్వార్టర్ ముగిసేదాకా నడపొచ్చు. కోచ్ ఎవరిని నమ్ముతున్నాడో అక్కడే బయటపడుతుంది. తర్వాత క్లిప్పులు కట్ చేసి ప్లేయర్ల వారీగా ఫోల్డర్లలో వేయండి. ఇది చేతులకు అలవాటయ్యే పని. నెల తిరిగేసరికి వేగం దానంతట అదే వస్తుంది.

నెంబర్లు ఎప్పుడు చూడాలి?

వీడియో అయ్యాకే. ఈ విషయంలో నాతో వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు గణాంకాలు తీసి, ఏం వెతకాలో తెలుసుకుని, ఆ తర్వాత వీడియో పెట్టుకుంటే టైం కలిసొస్తుందంటారు. టైం కలిసొచ్చే మాట నిజమే. కానీ ఒక అమ్మాయి త్రీ పాయింటర్లు 36 శాతం వేస్తుందని ముందే చదివితే, మీ కళ్లు ఆమె వేసినవే వెతుకుతాయి. మూల నుంచి నిలబడి వేసిందా, డ్రిబుల్ చేస్తూ ఆగి వేసిందా, ఎదురుగా ఎవరైనా ఉన్నారా, ఇదంతా ఆ ఒక్క అంకెలో కనపడదు.

ఒకసారి మా ప్రత్యర్థి జట్టులో ఒక పోస్ట్ ప్లేయర్ (బాస్కెట్ దగ్గర్లో ఆడే ప్లేయర్) ఉండేది. బాస్కెట్‌కు వీపు పెట్టి బంతి అందుకునేది. ఒక్కసారి కుడిచేత్తో గట్టిగా నేలకు కొట్టేది. ఆ బౌన్స్ మామూలు కంటే గట్టిగా పడిందంటే, మరుక్షణం ఎడమ భుజం మీదుగా తిరుగుతుంది. మెల్లగా కొడితే బంతి బయటికి పాస్ చేస్తుంది. నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కసారి కూడా ఇది తప్పలేదు. దీన్ని ఏ గణాంకమూ చెప్పదు. వీడియోలో పట్టుకున్నదాన్ని నెంబర్లతో సరిచూసుకోండి. వరుస మాత్రం మార్చకండి.

అసలు కష్టం: ప్లేయర్‌కు చెప్పే మాట

ఇక్కడ తొందరపడకండి. నేను చూసిన స్కౌట్‌లలో చాలావరకు ఈ మెట్టు దగ్గరే పాడయ్యాయి. వీడియో చూడడంలో కాదు.

మీ నోట్‌బుక్‌లో నలభై విషయాలుంటాయి. వాటిలో ప్లేయర్ల చేతికిచ్చేది ఒక్క కాగితం, ఒక వైపు మాత్రమే. జట్టు మొత్తానికి మూడు సూత్రాలు. ప్రత్యర్థి ప్లేయర్ ఒక్కొక్కరికి ఒకే వాక్యం. మిగతాదంతా మీ దగ్గరే ఉండాలి. కష్టపడి పట్టుకున్నది వదిలేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు. అయినా వదిలేయాలి. గురువారం రాత్రి మ్యాచ్ ఆడి, శనివారం మధ్యాహ్నం ఇంకో జట్టుతో ఆడే పందొమ్మిదేళ్ల అమ్మాయికి మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారం. అప్పుడు కూడా ఆమెకు క్లాసులుంటాయి. పైగా సీజన్‌లో రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలకు మించి జట్టు పని చేయించకూడదు. మీరు కూర్చోబెట్టి వీడియో చూపించే టైం కూడా అందులోకే వస్తుంది. నేను చూపించేది 12 నిమిషాలే.

ఇక వాక్యం ఎలా ఉండాలి? ‘ఆమెది ఎడమచేతి వాటం’ అని రాస్తారు. అది సమాచారం. మన అమ్మాయి దాంతో ఏం చేయాలి? ‘ఆమె ఎడమ భుజానికి ఎదురుగా నీ ఛాతీ పెట్టు’ అని రాయండి. ‘వాళ్లు వేగంగా ఆడతారు’ అని కాదు, ‘మన షాట్ గాల్లో ఉండగానే ఇద్దరు గార్డులు వెనక్కి పరుగెత్తాలి’ అని రాయండి. వాక్యంలో మన ప్లేయర్ కాలో, చెయ్యో, చూపో ఉండాలి. స్కౌట్ రిపోర్ట్ ప్రత్యర్థి గురించి రాసే వ్యాసం కాదు, మన ప్లేయర్‌కు ఇచ్చే పని. రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదివి ‘అయితే నేనేం చేయాలి?’ అని మీరే అడగండి. జవాబు రాకపోతే కొట్టేయండి.

‘షూటర్ కాదు’ అని ఎప్పుడూ రాయకండి. నా రెండో ఏడు, ఒక గార్డు గురించి అలాగే రాశాను. నాలుగు మ్యాచ్‌ల్లో ఆమె వేసిన త్రీలు రెండే. ఆ రోజు మొదటి క్వార్టర్‌లోనే మూడు వేసింది. మూడోది వేస్తున్నప్పుడు మా అమ్మాయి ఆరడుగుల దూరంలో, చేతులు కిందికి వదిలేసి నిలబడి ఉంది. బంతి నెట్‌లో పడ్డాక ఆమె హెడ్ కోచ్ వైపు చూడలేదు, నా వైపు చూసింది. తప్పు ఆమెది కాదు. నేను చెప్పిందే చేసింది. ఇప్పుడు అలాంటి ప్లేయర్ గురించి ‘రెండడుగుల దూరంలో ఆగు, చెయ్యి పైకెత్తే ఉంచు’ అని రాస్తున్నాను. డ్రైవ్‌ను (బంతితో బాస్కెట్ వైపు దూసుకెళ్లడాన్ని) ఆపడానికీ అదే సరైన దూరం, షాట్ వేసినా చెయ్యి అడ్డం ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. ప్రత్యర్థి స్టార్ ప్లేయర్ వేసిన బాస్కెట్లే వరుసగా చూపించకండి. అలాంటి పది క్లిప్పులు చూసి గదిలోంచి బయటికొచ్చే అమ్మాయి ముఖం గమనించండి, టెన్షన్ తప్ప ఇంకేం కనపడదు. ఆమె వేసిన రెండు చూపిస్తే, ఎవరో ఆమెను ఆపిన రెండు కూడా చూపించండి. ఆపినవే చివర్లో పెట్టండి. కోర్టులోకి దిగేటప్పుడు గుర్తుండేది అదే.

మ్యాచ్‌కు ఒక రోజు ముందు కొత్త డిఫెన్స్ పెట్టొద్దు. బాల్ స్క్రీన్‌ను అక్టోబర్ నుంచి ఒక పద్ధతిలో ఎదుర్కొంటున్న జట్టుకు శుక్రవారం ఇంకో పద్ధతి నేర్పితే శనివారానికి రెండూ మర్చిపోతారు. ఉన్న పద్ధతిలోనే సర్దుబాటు వెతకండి. మార్చక తప్పదనిపిస్తే ముందు హెడ్ కోచ్‌తో తలుపేసుకుని మాట్లాడండి. ప్లేయర్ల ముందు మీరిద్దరూ రెండు మాటలు చెప్పారంటే, ఎంత మంచి స్కౌట్ అయినా దండగే.

చివరగా, వాళ్లతో తిరిగి చెప్పించండి. రాతపరీక్షలు పెట్టే కోచ్‌లున్నారు, నాకు నచ్చదు. బస్సు ఎక్కేటప్పుడో, ట్రైనర్ దగ్గర చీలమండకు టేప్ వేయించుకుంటున్నప్పుడో పక్కన కూర్చుని ‘23వ నెంబర్ బంతి అందుకుంటే నువ్వేం చేస్తావ్?’ అని అడుగుతాను. మూడు సెకన్లలో జవాబు రావాలి. ఆలోచిస్తోందంటే, నా వాక్యమే బాగాలేదు. అక్కడే చిన్నది చేసి మళ్లీ చెబుతాను.

కోర్టులో నడిపించడం

ప్రాక్టీసులో ప్రత్యర్థి ప్లేలను మెల్లగా నడుస్తూ ఒకసారి, పూర్తి వేగంతో రెండుసార్లు చేయించండి. చాలా మహిళల జట్లలో ప్రత్యర్థి వేషం కట్టేది అదే కాలేజీలో చదివే అబ్బాయిలు. నేను ఈ రంగంలోకి వచ్చిందీ అలాగే. మాస్టర్స్ చదువుతూ జిమ్ బోర్డు మీద నోటీసు చూసి వెళ్లాను. జీతం ఉండదు, రోజూ ఇంకొకరిలా ఆడాలి. మన తెలుగు పిల్లలు ఇక్కడికి చదువుకోవడానికి ఇంతమంది వస్తున్నారు, ఆట మీద ఇష్టమున్నవాళ్లు ఈ తలుపు తట్టాలి. ఇంకొకరి కాళ్ల కదలికను మూడేళ్లు అనుకరించాకే నాకు వీడియోలో కాళ్లు చూడడం వచ్చింది.

ఈ వృత్తిలో పైకి తెచ్చేది రిక్రూటింగే (కొత్త ప్లేయర్లను వెతికి జట్టులోకి తేవడమే) అని అందరూ చెబుతారు. కానీ 2023 జులై నుంచి డివిజన్ 1 బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్లు ముగ్గురి నుంచి ఐదుగురయ్యారు. అదనంగా వచ్చిన ఆ ఇద్దరూ బయటికెళ్లి రిక్రూట్ చేయకూడదన్నది అప్పుడు పెట్టిన నిబంధన. అంటే వాళ్లను తెచ్చింది జిమ్‌లో, వీడియో గదిలో పనికే. హెడ్ కోచ్ అయితేనే బతుకు అనుకోవాల్సిన పనీ లేదు. క్రిస్ డెయిలీ 1985 నుంచి కనెక్టికట్ యూనివర్సిటీ మహిళల జట్టులో హెడ్ కోచ్ జీనో ఆరియెమ్మా పక్కనే ఉంది. ఆమె పనిని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఈ రంగంలో ఎవరూ లేరు.

మ్యాచ్ రోజు, ఆ తర్వాత

బెంచీ మీద మీ పని ఒకటే. ప్రత్యర్థి కోచ్ చూపే సైగను గుర్తుపట్టి, ఆ ప్లే పేరు మన వాళ్లకు వినపడేలా అరవడం. రిఫరీలతో గొడవ హెడ్ కోచ్‌కు వదిలేయండి.

మ్యాచ్ అయిన రాత్రే, గెలిచినా ఓడినా, ఆ ఒక్క కాగితం తీసి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి. పనిచేసిన వాక్యం పక్కన టిక్కు పెట్టండి, పనిచేయని దాన్ని కొట్టేసి కారణం రాయండి. కాన్ఫరెన్స్‌లో (మన జట్టు ఉన్న లీగ్‌లో) అదే జట్టుతో ఫిబ్రవరిలో మళ్లీ ఆడాల్సి వస్తే, ఫైల్లోంచి ముందు తీయాల్సింది ఆ కాగితాన్నే. వాళ్ల అసిస్టెంట్ కూడా ఎక్కడో ఇలాగే కూర్చుని, మన అమ్మాయిల గురించి రాసిన వాక్యాలను దిద్దుకుంటూ ఉంటాడు.