కాలిన గాయాలకు నష్టపరిహారం కోరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు చికిత్సను పూర్తిగా కొనసాగించండి. మధ్యలో మానేస్తే ఆరోగ్యం దెబ్బతినడమే కాక, గాయం అంత తీవ్రమైనది కాదని ఎదుటి పక్షం వాదించే వీలు కలుగుతుంది.

• ఆసుపత్రి రికార్డుల్లో గాయం లోతు, కాలిన శరీర భాగం శాతం సరిగా నమోదయ్యాయో లేదో చూసుకోండి. పెద్దవారిలో ఒక్కో చేతిని 9 శాతంగా, ఒక్కో కాలిని 18 శాతంగా లెక్కిస్తారు.

• ప్రమాదానికి కారణమైన స్టవ్, హీటర్ వంటి వస్తువును బాగుచేయించకండి, తయారీదారుకు తిరిగి ఇవ్వకండి. కాలిన బట్టలను ఉతకకుండా దాచండి.

• గాయాల ఫొటోలు తేదీలతో సహా తీయించండి; బిల్లులు, కోల్పోయిన జీతం వివరాలు ఒకచోట ఉంచండి.

• తొందరపడి రాజీపత్రంపై సంతకం చేయకండి. మచ్చలు స్థిరపడటానికి ఏడాది నుంచి రెండేళ్లు పట్టవచ్చు, ఆలోగా కీళ్ల దగ్గర చర్మం బిగుసుకుపోయి మళ్లీ శస్త్రచికిత్స అవసరం కావచ్చు కనుక, భవిష్యత్ ఖర్చులపై వైద్యుని లిఖితపూర్వక అభిప్రాయం లేకుండా ఏ మొత్తానికీ ఒప్పుకోవద్దు. నొప్పితో మంచం మీదున్న మనిషి చేత సంతకం పెట్టించుకోవడం నిజంగా అన్యాయం.

• అలాగని ఆలస్యమూ పనికిరాదు. దావాకు చట్టం విధించిన గడువు దేశాన్నిబట్టి, కేసునుబట్టి మారుతుంది. దాన్ని న్యాయవాదిని వీలైనంత త్వరగా అడిగి తెలుసుకోండి.