దూకుడు కుక్కపిల్లతో ట్రైనింగ్ క్లాసుకు

మూడు నాలుగు నెలల లాబ్రడార్ పిల్లనైనా, వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న నాటు పిల్లనైనా క్లాసుకు తీసుకెళ్లిన మొదటి రోజు దాదాపు ఒకేలా గడుస్తుంది. ఆటో దిగగానే అది ఎదుటి కుక్కల మీదికి దూకుతుంది. మీరు తాడు బిగబడతారు. అది రెండు కాళ్ల మీద లేచి ఇంకా గట్టిగా అరుస్తుంది. ఇంట్లో చెప్పగానే కూర్చునే పిల్లకు ఇక్కడ మీ గొంతే వినపడనట్టు ఉంటుంది. మొండితనం అనుకుని చాలామంది రెండో వారం మానేస్తారు. అసలు సంగతేమిటంటే, దాని బుర్ర పట్టలేనంత సందడికి మీరు దాన్ని మరీ దగ్గరగా తెచ్చి నిలబెట్టారు. క్లాసులో ముందుగా నేర్చుకోవాల్సింది ఎంత దూరంలో నిలబడాలో. కూర్చోవడం, పడుకోవడం ఆ తర్వాత తేలిగ్గా వస్తాయి.

ముందు టీకాల పుస్తకం

మొదటి టీకా 6 నుంచి 8 వారాల వయసులో పడాలి. ఆ తర్వాత 2 నుంచి 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయిస్తూనే ఉండాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. అన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించకూడదని కొందరు అంటారు గానీ, అప్పటికి ముఖ్యమైన కాలం దాటిపోతుంది. కొత్త మనుషులు, శబ్దాలు, తోటి కుక్కలు మామూలే అని కుక్కపిల్ల మనసుకు ఎక్కేది 3వ వారం నుంచి సుమారు 14వ వారం లోపు. అందుకే మొదటి టీకా పడి కనీసం 7 రోజులై, ఒకసారి నట్టల మందు కూడా పడి ఉంటే, శుభ్రంగా ఉండే పప్పీ క్లాసుకు వెళ్లవచ్చు. మీ పిల్ల ఆరోగ్యం చూసి వెట్ డాక్టర్ సరే అనాలి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, మీరు మామూలుగా చూపించే చోట గానీ ఈ మాట ప్రత్యేకంగా అడగండి.

జాగ్రత్త దారిలో ఉంది. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో చేరితే నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి టీకాలు పూర్తికాని పిల్లను ఇంటి నుంచి క్లాసు దాకా చేతుల్లోనే ఎత్తుకెళ్లాలి, వీధి కుక్కలు మలవిసర్జన చేసే చోట దింపకూడదు. వానాకాలంలో నిలిచిన నీళ్లలో నడిపించవద్దు, తాగనివ్వవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ సోకే జబ్బే.

క్లాసు ఎలా ఎంచుకోవాలి

డబ్బు కట్టేముందు కుక్కను ఇంట్లో వదిలి మీరొక్కరే వెళ్లి ఒక క్లాసు మొత్తం చూడండి. ట్రైనర్ ఎంత బాగా మాట్లాడుతున్నారన్నది పక్కన పెట్టి, పిల్ల తప్పు చేసినప్పుడు ఆయన చెయ్యి ఏం చేస్తుందో గమనించండి. చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) గుంజడం, మెడ పట్టుకుని పైకెత్తడం, మూతి మీద కొట్టడం కనిపిస్తే అక్కణ్నుంచి వచ్చేయండి. దెబ్బ తిన్న పిల్ల అరవడం మానేస్తుంది, భయం మాత్రం మానదు. పెద్దయ్యాక హెచ్చరిక లేకుండా కరిచే కుక్కల్లో ఇలా గొంతు నొక్కేసినవి ఉంటాయి. ఒక ట్రైనర్‌కు ఆరు పిల్లల కంటే ఎక్కువ ఉంటే మీ వంతు సరిగ్గా రాదు. టీకా పుస్తకాలు చూడకుండా అందరినీ చేర్చుకునే చోటికి అసలు వెళ్లవద్దు.

'రెండు నెలలు మా దగ్గర వదలండి, నేర్పించి ఇస్తాం' అనే పద్ధతి ఇలాంటి చిన్న పిల్లకు మంచిది కాదు. అది నేర్చుకుంటుంది, కానీ ఆ ట్రైనర్ మాట వినడం నేర్చుకుంటుంది. తాడు పట్టుకోవడం, సరైన క్షణంలో మెచ్చుకోవడం మీ చేతికి రావాలంటే మీరే నిలబడాలి.

సంచిలో ఏముండాలి

మెత్తటి బల్లపరుపు మెడ బెల్టు, ఛాతీకి తొడిగే హార్నెస్, 5 నుంచి 6 అడుగుల తాడు. ఇనుప గొలుసు వద్దు, బరువుకు మెడ వంగుతుంది, చప్పుడుకు బెదురుతుంది. బటన్ నొక్కితే సాగే తాడు క్లాసులో ప్రమాదం, చుట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి. ఇంట్లో అది పడుకునే పాత దుప్పటి ముక్క ఒకటి, నీళ్ల సీసా, గిన్నె, నాలుగు ప్లాస్టిక్ కవర్లు, తుడిచే గుడ్డ.

ట్రీట్‌లకు బిస్కెట్ల కన్నా ఉడికించిన చికెన్ ఎంతో మేలు. 100 గ్రాముల బోన్‌లెస్ ముక్కలు ఉప్పు, పసుపు, మసాలా ఏమీ లేకుండా ఉడికించి, బఠాణీ గింజంత కోస్తే 150 ముక్కల దాకా వస్తాయి. ఒక క్లాసుకు ధారాళంగా సరిపోతాయి. మాంసం వండని ఇల్లయితే పనీర్‌ను అదే సైజులో కోయండి. కూరలోని ముక్క కడిగి పెడితే చాలదు. ఉల్లిపాయ, వెల్లుల్లి రసం అందులోకి దిగి ఉంటుంది, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు పెట్టకూడదు. క్లాసు ఉన్న రోజు ముందు పూట తిండి సగానికి తగ్గించి, బయల్దేరడానికి రెండు గంటల ముందే పెట్టేయండి. పెరుగన్నం కడుపు నిండా తిన్న పిల్లకు మీ చేతిలో చికెన్ కనపడదు, పైగా ఆటోలో కక్కేస్తుంది.

మీ బట్టలూ చూసుకోండి. ఎగిరే చున్నీ, చీర కుచ్చిళ్లు దూకుడు పిల్లకు ఆటబొమ్మలే. జీన్సు, బూట్లు వేసుకుంటే చెయ్యి తాడు మీద ఉంటుంది. స్కూటీ కాళ్ల దగ్గర నిలబెట్టి తీసుకెళ్లడం మన బెజవాడలో మామూలైపోయింది గానీ, బెంజ్ సర్కిల్ లాంటి చోట బస్సు హారన్‌కు బెదిరి అది దూకితే ఇక చేసేదేమీ ఉండదు. ఆటోలో, కాళ్ల దగ్గర దుప్పటి మీద, హార్నెస్‌కు తాడు కట్టి కూర్చోబెట్టండి.

బెజవాడ ఎండ

రోళ్లు పగిలే రోహిణి కార్తె గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో క్లాసు ఉదయం 6 గంటలకు మొదలై 7 లోపు అయిపోవాలి. సాయంత్రం చల్లబడిందనుకుంటాం, కానీ తారు రోడ్డు, సిమెంటు గచ్చు ఏడింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. అరచేతి వెనక వైపు నేలకు ఆనించి 7 లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. నాలుక వెడల్పుగా సాగి వేలాడటం, చొంగ జిగటగా మారడం, చిగుళ్లు ముదురు ఎరుపెక్కడం, నడక తూలడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ, విసురుతూ, అలాగే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. పగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

మైదానంలోకి వెళ్లాక

పావుగంట ముందే చేరండి. గేటు బయటే మూత్రానికి అవకాశమిచ్చి, రెండు నిమిషాలు నేలంతా వాసన చూడనివ్వండి. దానికది కొత్త ఊరు పేపరు చదవడం లాంటిది, ఆపవద్దు.

ఇప్పుడు దూరం కొలవాలి. మిగతా కుక్కలు కనపడేంత దూరంలో ఆగి ఒక చికెన్ ముక్క ముక్కు ముందు పెట్టండి. తింటే దూరం సరిపోయింది. వాసన కూడా చూడకుండా ఎదుటి కుక్కలనే చూస్తుంటే, లేదా వేళ్లతో సహా లాక్కుని కరిచినట్టు తింటే మీరు మరీ దగ్గరగా ఉన్నారు. ఐదడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి. మెత్తగా తిని, మీ ముఖం వైపు ఒకసారి చూసే చోటు దొరికేదాకా ఇదే పని. అది 10 అడుగులు కావచ్చు, 40 కావచ్చు. అక్కడ దుప్పటి పరవండి, అదే మీ స్థలం. వరుసగా మూడు సార్లు ఎదుటి కుక్కను చూసి, తనంతట తానే మీ వైపు తిరిగితే రెండడుగులు ముందుకు జరగవచ్చు. ఇలా నాలుగు వారాల్లో మధ్యలోకి వస్తారు. స్థలం ఇరుకైతే మూల ఇవ్వమని ట్రైనర్‌ను అడగండి, రెండు కుర్చీల మీద దుప్పటి వేసి అడ్డం పెట్టినా సగం గొడవ తగ్గుతుంది.

తాడు ఊయలలా కొంచెం కిందికి వంగి ఉండాలి. బిగిస్తే కుక్కలో ఎదురు లాగే గుణం లేస్తుంది. పైగా ఎదుటి కుక్క కనపడగానే మెడ నొప్పెడుతుందని ముడిపెట్టుకుంటుంది. అరుపు అక్కణ్నుంచే ముదురుతుంది.

అరుపుల్లోనూ తేడా ఉంది. ఒళ్లు బిగుసుకోకుండా ముందుకు వాలి, తోక ఊగుతూ అరిస్తే చాలావరకు ఆడుకోవాలన్న ఆత్రం. తోక కాళ్ల మధ్యకు పోయి, చెవులు వెనక్కి వాలి, మాటిమాటికీ మూతి నాకుతూ, ఆవలిస్తూ ఉంటే భయం. భయపడే పిల్లను 'ఏం చెయ్యదులే, దగ్గరికి పో' అని తోయకండి. దాన్ని ఆ రోజంతా దూరంగా దుప్పటి మీదే ఉంచినా అది క్లాసే.

చెయ్యి, మాట, ముక్క

సరైన పని చేసిన క్షణంలో 'యస్' అనండి, ఆ తర్వాత ఒక సెకను లోపు ముక్క నోటికందాలి. చెయ్యి ముందు సంచిలోకి వెళ్లి మాట తర్వాత వస్తే పిల్ల మీ మాట వినదు, సంచినే చూస్తుంది. క్లాసులో అందరూ చేసే పొరపాటు ఇదే.

కూర్చోబెట్టడానికి ముక్కను ముక్కుకు ఆనించి, నెమ్మదిగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్లండి. తల పైకి లేస్తే నడుము కిందికి దిగుతుంది. ఎగిరితే మీ చెయ్యి మరీ ఎత్తులో ఉంది. వెనక్కి నడిచిపోతే గోడ ముందు చేయించండి. ముక్కతో నాలుగు సార్లయ్యాక అదే సైగ ఖాళీ చేత్తో చేసి, ముక్క రెండో చేత్తో ఇవ్వాలి. ఈ మెట్టు దాటించకపోతే చేతిలో ముక్క ఉంటేనే కూర్చునే కుక్క తయారవుతుంది. మాట అన్నిటికన్నా చివర చేర్చాలి. 'కూర్చో' అన్నా 'సిట్' అన్నా ఫర్వాలేదు, ఇంటిల్లిపాదీ ఒక్కటే అనాలి. నాన్నగారు 'సిట్' అని, అమ్మమ్మ 'కూచోరా బంగారం' అని, పిల్లలు 'కూర్చో కూర్చో కూర్చో' అని అంటుంటే దానికి మూడు భాషలు నేర్పినట్టే. ముఖ్యంగా 'డౌన్' అన్న మాటను పడుకోవడానికీ, సోఫా దిగడానికీ రెండింటికీ వాడవద్దు. దిగడానికి 'దిగు' చక్కగా ఉంది.

పిలిస్తే రావడం అన్నిటికన్నా విలువైనది, తేలిగ్గా చెడిపోయేది కూడా. పిలిచి స్నానం చేయిస్తే, పిలిచి తిడితే, పిలిచి ఆట ఆపేస్తే రెండు వారాల్లో రావడం మానేస్తుంది. రోజుకు పది సార్లు పిలవండి, ముక్క పెట్టండి, మళ్లీ వదిలేయండి. బయట సాధనకు మంచాలకు అల్లే నవ్వారు 20 అడుగులు కొనుక్కుని హార్నెస్‌కు కట్టండి. మెడ బెల్టుకు కట్టకూడదు, పరుగు మీద ఆగితే మెడ పట్టేస్తుంది.

అరగంట దాటాక తాడు కొరకడం, ప్యాంటు పట్టుకుని గుంజడం మొదలవుతుంది. అది పొగరు కాదు, అలసట. మీరు లాగితే ఆటవుతుంది. గడ్డిలో పది ముక్కలు చల్లండి. ముక్కు పని మొదలైతే ఒళ్లు చల్లబడుతుంది. అప్పటికీ ఆగకపోతే క్లాసు మధ్యలోనే బయటికి తీసుకెళ్లి ఐదు నిమిషాలు కూర్చోండి. పంటి గాటు పడి రక్తం వస్తే, తెలిసిన పిల్లే కదా అని వదిలేయకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో చూపించండి.

క్లాసులో కుక్కపిల్లల్ని ఆటకు వదిలితే రెండేసి చొప్పున, ఇంచుమించు ఒకే ఒళ్లున్నవాటిని వదలాలి. ఒకటే తరుముతుంటే తరిమేదాన్ని పట్టుకుని చూడండి. రెండోది తిరిగి దగ్గరికొస్తే ఆట, పారిపోయి మీ కాళ్ల వెనక దూరితే అక్కడితో ఆపేయాలి.

మిగతా ఆరు రోజులు

తిండికి ముందు 3 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. అంతకు మించి వద్దు. టైల్స్ మీద కాళ్లు జారతాయి కాబట్టి దుప్పటి మీదే చేయించండి. హాలులో వచ్చింది సెల్లార్‌లో రాదు, సెల్లార్‌లో వచ్చింది వీధిలో రాదు. ప్రతి కొత్త చోటా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. టీకాలన్నీ అయ్యాక తెల్లవారుజామున కృష్ణ ఒడ్డు ఘాట్ల మీద సాధన బాగుంటుంది, దసరా, భవానీ దీక్షల రద్దీ రోజుల్లో తప్ప.

బాగా పరిగెత్తిస్తే అల్లరి తగ్గుతుందని బైకు వెంట పరిగెత్తించేవాళ్లున్నారు. ఎదిగే కీళ్లు పాడవుతాయి, దమ్ము పెరిగి అల్లరి ఇంకా ఎక్కువవుతుంది. ఈ వయసు పిల్ల రోజుకు 18 గంటల దాకా పడుకోవాలి. సాయంత్రం ఇల్లంతా గిరగిరా తిరిగే పిల్లకు చాలాసార్లు తక్కువైంది నిద్రే.

క్లాసు నుంచి ఇంటికి రాగానే నీళ్లు పెట్టి, చెవుల లోపల, కాలి వేళ్ల మధ్య పిడుదులున్నాయేమో వెతకండి. అరగంట ఆగి మిగిలిన సగం తిండి పెట్టండి. పక్కింటివాళ్లు చూడటానికొస్తే సాయంత్రం రమ్మనండి, ఫ్యాను కింద దాన్ని రెండు గంటలు కదిలించవద్దు.