ఇంట్లో కంప్యూటర్ల మధ్య ఫైళ్లు, ప్రింటర్ పంచుకోవడం ఎలా

ఒక కంప్యూటర్‌లో ఉన్న ఫైలును పక్క గదిలోని కంప్యూటర్‌లో తెరవడానికి పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, క్లౌడ్‌లోకి ఎక్కించి మళ్లీ దించుకునే పనీ లేదు. రెండూ ఒకే రౌటర్‌కి కలిసి ఉంటే చాలు, కావలసినవన్నీ విండోస్‌లోనే ఉన్నాయి. అయినా మొదటిసారికే పనిచేసే ఇళ్లు తక్కువ. ఫోల్డర్‌ని షేర్ చేయడం రెండు నిమిషాల పని. చిక్కంతా దానికి ముందుండే నెట్‌వర్క్ దగ్గరో, అకౌంటు దగ్గరో వస్తుంది. పైగా విండోస్ చూపించే ఎర్రర్‌ని బట్టి తప్పు ఎక్కడుందో తెలియదు. అందుకే కింది వరుసలోనే వెళ్లండి. ఒకటి సరిగ్గా ఉందని తేలాకే తర్వాతిది ముట్టుకోండి.

ముందు నెట్‌వర్క్

రెండు కంప్యూటర్లలోనూ సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో మీరు వాడుతున్న వైఫై లేదా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ని గుర్తించే నంబరు) చూడండి. ఒకటి 192.168.1.20, రెండోది 192.168.1.35 అయితే సరే. మామూలు ఇంటి రౌటర్లలో మొదటి మూడు అంకెలూ కలవాలి. ఒకటి 192.168.1 తోనూ, ఇంకొకటి 192.168.0 తోనూ మొదలైతే ఇంట్లో ఒక రౌటర్ వెనక ఇంకో రౌటర్ ఉన్నట్టు. సిగ్నల్ అందడం లేదని రెండో రౌటర్ కొన్న ఇళ్లలో ఇది మామూలే. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే సొంత నెట్‌వర్క్ పెట్టకుండా సిగ్నల్ మాత్రమే అందించే మోడ్‌లోకి మార్చండి. ఆ మోడ్ లేకపోతే దాని అడ్రస్‌ని మొదటి రౌటర్ వరుసలో ఖాళీగా ఉన్న దానికి మార్చి, దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఆపేసి, కేబుల్‌ని ఇంటర్నెట్ వైపుండే వ్యాన్ పోర్టులో కాకుండా ఇంటి పరికరాలు కలిపే ల్యాన్ పోర్టులో పెట్టండి.

అంకెలు కలిసినా ఒకదానికొకటి అందకపోవచ్చు. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలు మిగతా వాటిని చూడలేవు, దాన్ని పెట్టిందే అందుకు. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అనే సెట్టింగ్ అసలు వైఫైలోనే ఆన్ అయి ఉంటుంది. అది ఉంటే ఇంటర్నెట్ చక్కగా వస్తుంది కానీ పక్క కంప్యూటర్ మాత్రం కనిపించదు. వీపీఎన్ వాడుతుంటే కాసేపు ఆపి చూడండి. చాలా వీపీఎన్‌లు సొంత ఇంటి నెట్‌వర్క్‌ని కూడా మూసేస్తాయి.

ఐపీ అడ్రస్ చూసిన అదే పేజీలో నెట్‌వర్క్ ప్రొఫైల్ ఉంటుంది. దాన్ని రెండు కంప్యూటర్లలోనూ ప్రైవేట్‌కి మార్చండి. పబ్లిక్‌లో ఉన్నంతకాలం ఫైర్‌వాల్ షేరింగ్‌ని లోపలికి రానివ్వదు. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో ఇదే పేజీ కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో దొరుకుతుంది. అక్కడ హోమ్‌గ్రూప్ కోసం వెతక్కండి, 2018లోనే దాన్ని తీసేశారు.

ఇంకో పని ఇప్పుడే చేసి పెట్టుకోండి. ఫైళ్లు ఉండే కంప్యూటర్‌కి, ప్రింటర్‌కి రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెట్టండి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ విభాగంలో ఆ పరికరం పేరు ఎంచుకుని ఒక అడ్రస్ కేటాయిస్తే ఇక అది మారదు. ఈ పని చేయని ఇళ్లలో కరెంటు పోయి వచ్చి, రౌటర్ మళ్లీ మొదలయ్యాక అడ్రస్ మారి, నిన్నటిదాకా పనిచేసిన ప్రింటర్ పనిచేయదు.

అకౌంటు, పాస్‌వర్డ్

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. రెండో కంప్యూటర్ నుంచి తెరవబోతే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజూ లాగిన్ అయ్యే పిన్ కొడతారు, తప్పంటుంది. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం. నెట్‌వర్క్ మీద అసలు పాస్‌వర్డే కావాలి. అదీ ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌లోని అకౌంటుది, మీరు కూర్చున్న కంప్యూటర్‌ది కాదు. పాస్‌వర్డ్ పెట్టని అకౌంటు అయితే ఏం కొట్టినా లాభం లేదు, ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీదుగా లోపలికి రావడాన్ని విండోస్ అనుమతించదు.

మైక్రోసాఫ్ట్ అకౌంటు పాస్‌వర్డ్‌తో కుస్తీ పట్టడం కన్నా షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంటు చేసుకోవడం సుఖం. ఫైళ్లు ఉన్న కంప్యూటర్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్ వరుసగా నొక్కండి. ఈమెయిల్ అడిగిన చోట, ఆ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవు అనే లింకు, తర్వాతి తెర మీద మైక్రోసాఫ్ట్ అకౌంటు లేకుండా యూజర్‌ని చేర్చు అనే లింకు ఎంచుకోండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా చిన్నది పెట్టి మంచి పాస్‌వర్డ్ ఇవ్వండి. స్టాండర్డ్ యూజర్ చాలు, అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇవ్వకండి. ఆ అకౌంటుతో ఎవరూ ఎప్పుడూ లాగిన్ కానక్కర్లేదు.

రెండో కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ అడిగినప్పుడు యూజర్ నేమ్‌ని కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, అకౌంటు పేరు, ఈ వరుసలో ఇవ్వండి. అకౌంటు పేరొక్కటే ఇచ్చినా చాలాసార్లు నడుస్తుంది, నడవనప్పుడు మాత్రం ఎందుకు నడవలేదో తెలియక గంటలు పోతాయి. రిమెంబర్ మై క్రెడెన్షియల్స్ టిక్ చేయండి. మొదట తప్పు వివరాలు సేవ్ అయిపోతే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, విండోస్ క్రెడెన్షియల్స్‌లోకి వెళ్లి ఆ అడ్రస్ ఎదురుగా ఉన్నది తీసేయండి. ఒకే కంప్యూటర్‌కి రెండు వేర్వేరు యూజర్ పేర్లతో కలవడం కుదరదనే ఎర్రర్ వస్తే, పాత కనెక్షన్ ఇంకా తెరిచి ఉన్నట్టు. ఒకసారి సైన్ అవుట్ అయి వస్తే పోతుంది.

పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేయండి, అన్నీ సర్దుకుంటాయి అనే సలహా నెట్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. పాటించకండి. అలా చేస్తే వచ్చినవాళ్లు గెస్ట్‌గా లోపలికి వస్తారు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి గెస్ట్ ప్రవేశాన్ని మొదటే మూసేశారు. మీ ఆర్గనైజేషన్ భద్రతా విధానం దీన్ని అడ్డుకుంటోంది అని సందేశం వస్తుంది. సొంత ఇంట్లో ఈ ఆర్గనైజేషన్ ఎవరా అని తల గోక్కోనక్కర్లేదు, గెస్ట్‌గా కాకుండా పాస్‌వర్డ్‌తో రమ్మని దానర్థం. ఎస్ఎంబీ1ని (విండోస్ ఫైల్ షేరింగ్ వాడే ఎస్ఎంబీ ప్రోటోకాల్‌లో మొదటి, పాత రకం) ఆన్ చేయమనే సలహా దీనికన్నా చెడ్డది. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం గుండానే వ్యాపించింది. పాత స్టోరేజ్ పెట్టె ఏదైనా ఎస్ఎంబీ1 తప్ప ఇంకోటి మాట్లాడకపోతే దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి, కుదరకపోతే ఆ పెట్టెనే మార్చండి.

ఫోల్డర్‌ని షేర్ చేయడం

మొత్తం డ్రైవ్‌ని గానీ, యూజర్ ఫోల్డర్‌ని గానీ షేర్ చేయకండి. దీనికోసమే ఒక కొత్త ఫోల్డర్ చేసుకోండి. వన్‌డ్రైవ్ కింద ఉన్న డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా వద్దు. అక్కడ ఫైలు పేరు కనిపించినా అసలు ఫైలు డిస్క్ మీద ఉండకపోవచ్చు.

1. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్‌కి వెళ్లండి. షేర్ దిస్ ఫోల్డర్ టిక్ చేసి, ఖాళీలు లేని చిన్న పేరు ఇవ్వండి.
2. అక్కడే పర్మిషన్స్ నొక్కి, ఎవ్రీవన్‌ని తీసేసి, ఇందాక చేసిన అకౌంటుని చేర్చండి. చదవడానికే అయితే రీడ్, రాయడానికి కూడా అయితే చేంజ్.
3. వెనక్కి వచ్చి సెక్యూరిటీ ట్యాబ్‌లో అదే అకౌంటుని చేర్చి మాడిఫై ఇవ్వండి. చదవడానికే అయితే రీడ్ చాలు.

రెండు చోట్లా ఎందుకంటే, నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకి ఇవి ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు తలుపులు. రెండింట్లో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. ఫైలు తెరుచుకుంటోంది కానీ మార్చి సేవ్ చేస్తే యాక్సెస్ డినైడ్ అంటోందంటే, రెండో దశలో రీడ్ మీదే వదిలేసి ఉంటారు. పాస్‌వర్డ్ సరిగ్గా ఒప్పుకుని కూడా ఫోల్డర్ తెరవకపోతే సెక్యూరిటీ ట్యాబ్ మరిచిపోయినట్టు.

ఇప్పుడు రెండో కంప్యూటర్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ గీతలో \\192.168.1.20 అని కొట్టి ఎంటర్ నొక్కండి, మీ అడ్రస్ వేసుకుని. ఎడమవైపు నెట్‌వర్క్ జాబితాలో కంప్యూటర్ పేరు కనిపించడం లేదని కంగారుపడకండి. ఆ జాబితా వేరు, షేరింగ్ వేరు. అడ్రస్‌తో తెరుచుకుంటే పని అయినట్టే. ఆ పేరు కూడా కనిపించాలంటే ఫైళ్లున్న కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్‌ని ఆటోమేటిక్‌గా మార్చి స్టార్ట్ చేయండి. కంప్యూటర్ పేరు 15 అక్షరాలు దాటకుండా ఉంచితే మంచిది.

అడ్రస్‌తో కూడా తెరవక, 80070035 అనే కోడ్ వస్తే అవతలి కంప్యూటర్ దాకా దారే దొరకలేదన్నమాట. ప్రొఫైల్ ప్రైవేట్‌లో ఉందా, అది నిద్రలోకి వెళ్లిందా, విడిగా కొన్న యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్‌తో అడ్డుకుంటోందా చూడండి. ఆ ఫైర్‌వాల్‌కి విండోస్‌లో మీరు పెట్టిన ప్రైవేట్ సంగతి తెలియకపోవచ్చు, దాంట్లో కూడా ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా విడిగా గుర్తించాలి. షేరింగ్ నడిచేది టీసీపీ 445 పోర్టు మీద. ఇంట్లో కంప్యూటర్ల మధ్య దాన్ని తెరవాలి గానీ, రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి బయటి ఇంటర్నెట్‌కి మాత్రం ఎన్నడూ తెరవకండి.

రోజూ వాడే ఫోల్డర్ అయితే దిస్ పీసీలో మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ ఎంచుకుని ఒక అక్షరం ఇచ్చుకోండి. ఫొటోల బ్యాకప్ లాంటివి ఉన్న ఫోల్డర్‌కి మాత్రం రీడ్ అనుమతే ఇవ్వండి. ఒక కంప్యూటర్‌లో ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) దూరితే అది రాయగలిగిన ప్రతి నెట్‌వర్క్ డ్రైవ్‌నీ పాడుచేస్తుంది.

మ్యాక్ నుంచి అయితే ఫైండర్‌లో గో మెనూలో కనెక్ట్ టు సర్వర్ తీసి, ఎస్ఎంబీ, కోలన్, రెండు ముందు స్లాష్‌లు, అడ్రస్ ఇవ్వాలి. మ్యాక్‌లోని ఫోల్డర్ విండోస్‌కి కనిపించాలంటే ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదు, దాని ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద మీ అకౌంటు టిక్ చేయాలి. లినక్స్‌లో ఈ షేరింగ్‌ని నడిపే సాంబా అనే ప్రోగ్రాంకి పాస్‌వర్డ్ విడిగా పెట్టాలి, లాగిన్ పాస్‌వర్డ్ దానికి చెల్లదు. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లోనే కనెక్ట్ టు సర్వర్ ఉంటుంది.

ప్రింటర్

ప్రింటర్‌కి వైఫై గానీ నెట్‌వర్క్ పోర్టు గానీ ఉంటే కంప్యూటర్ ద్వారా షేర్ చేయకండి, నేరుగా రౌటర్‌కే కలపండి. అప్పుడు ఏ కంప్యూటర్ ఆపి ఉన్నా మిగతావాళ్లు ప్రింట్ తీసుకోవచ్చు, ఫోన్ల నుంచి కూడా సులువు. చాలా ప్రింటర్లకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ పేరు వాటి జాబితాలోకే రాదు.

అడ్రస్ రిజర్వ్ చేశాక ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్, ఆ తర్వాత యాడ్ మాన్యువల్లీ నొక్కి, ఐపీ అడ్రస్‌తో చేర్చే ఎంపిక తీసుకుని డివైస్ టైప్‌లో టీసీపీ ఐపీ డివైస్ ఎంచుకోండి. విండోస్ తనంతట తాను వెతికి చేర్చినప్పుడు తరచూ డబ్ల్యూఎస్‌డీ పోర్టు (పరికరాన్ని అడ్రస్‌తో కాకుండా వెతికి పట్టుకునే రకం) పెడుతుంది. ప్రింటర్ బాగానే ఉన్నా ఆఫ్‌లైన్ అని చూపించే గొడవ ఎక్కువగా దానితోనే. టీసీపీ ఐపీ పోర్టుతో కూడా ఆఫ్‌లైన్ అంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, కాన్ఫిగర్ పోర్ట్‌కి వెళ్లి ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ (ప్రింటర్ స్థితిని నెట్‌వర్క్ మీద అడిగే సెట్టింగ్) టిక్ తీసేయండి.

యూఎస్‌బీ మాత్రమే ఉన్న ప్రింటర్ అయితే అది కలిసి ఉన్న కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్‌లో టిక్ పెట్టి చిన్న పేరు ఇవ్వండి. ఆ కంప్యూటర్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్ మార్చండి, అది ఆగితే ప్రింటర్ లేనట్టే. రెండో కంప్యూటర్‌లో తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ని ముందే ఇన్‌స్టాల్ చేసుకోండి. 2021 ఆగస్టు అప్‌డేట్ల నుంచి అవతలి కంప్యూటర్ నుంచి డ్రైవర్ తెచ్చుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు కావాలి. ఆ తర్వాత యాడ్ మాన్యువల్లీలో షేర్డ్ ప్రింటర్‌ని పేరుతో ఎంచుకుని, రెండు బ్యాక్‌స్లాష్‌లు, అడ్రస్, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు ఇవ్వండి.

11బీతో ముగిసే ఎర్రర్ వస్తే అది 2021 సెప్టెంబరు భద్రతా మార్పు ఫలితం. ముందు రెండు కంప్యూటర్లకీ అప్‌డేట్లన్నీ వేయండి. అప్పటికీ రాకపోతే ప్రింటర్‌ని లోకల్ ప్రింటర్‌గా చేర్చి, క్రియేట్ న్యూ పోర్ట్‌లో లోకల్ పోర్ట్ ఎంచుకుని, పోర్టు పేరు అడిగిన చోట పై దారినే మొత్తంగా ఇవ్వండి. రిజిస్ట్రీలో ఆ రక్షణని ఆపేసే చిట్కా కూడా తిరుగుతోంది కానీ, ఈ దారి ఉండగా అది అనవసరం. షేర్ చేసిన ప్రింటర్‌తో స్కానర్ రాదు. ఆల్ ఇన్ వన్ ప్రింటర్‌ని యూఎస్‌బీలో పెట్టి షేర్ చేస్తే ప్రింట్ మాత్రమే నడుస్తుంది.

కాపీ నెమ్మదిగా ఉంటే

గిగాబిట్ కేబుల్ మీద పెద్ద ఫైలు సెకనుకి 110 ఎంబీ దాకా వెళ్లాలి, డిస్క్ ఆ వేగం అందుకుంటే. సరిగ్గా 11 దగ్గర ఆగిపోతే లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయినట్టు. ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ చూస్తే తెలుస్తుంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని 8 తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింట్లో ఒక్క తీగ తెగినా, కనెక్టర్‌లో దాని పిన్ సరిగ్గా తగలకపోయినా ఇంటర్నెట్ ఆగదు, వేగం మాత్రం పదో వంతుకి దిగుతుంది. ముందు క్యాట్5ఈ లేదా అంతకు పైది ఇంకో కేబుల్ మార్చి చూడండి. అదే 11 కనిపిస్తే రౌటర్ పోర్టులే 100 ఎంబీపీఎస్‌వేమో దాని వివరాల్లో చూసుకోండి.